నలభై ఫోన్లకు ఒక్క గొంతు

ఒకటి

మా చెలమ నీళ్లు దొంగిలించింది జనానుభవ పరిశోధన పీఠం. ఆ దొంగసొత్తు తాగుతున్నది సముద్రం మీద తేలుతూ బతికే తేలునగరం. రెండు పేర్లూ మొదటి రెండు వాక్యాల్లోనే రాసిపెడుతున్నాను. రేపు విచారణ అంటూ ఎవడైనా పడవ దిగితే, ఎవరు చేశారో తెలియదని మా వాళ్లలో ఏ ఒక్కరూ నసగడానికి వీల్లేదు.

రాస్తున్నది జల్లా నాంచారయ్య, సముద్రం ముంచగా మిగిలిన మెరకల్లో మూడో మెరక. పీతల బోనుల్లో పని. బడి అనేది నేను చూడలేదు. నెలకోసారి వచ్చే అచ్చు పడవ మీద కరపత్రాలు దొరుకుతాయి, అవే నా బడి. ఈ కాగితాలు ఏ రోజువి ఆ రోజు రేవు గోడకు అంటిస్తాను. చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి వినిపించాలి. కొరుకుడుపడని మాట వస్తే వదిలేసి ముందుకు పొండి, కోపం మాత్రం వదలకండి.

సోమవారం పొద్దున తేలునగరం నీటి మండలి పడవ వచ్చింది. నలుగురు దిగారు. ఎవరినీ ఒక్క ముక్క అడగకుండా తిన్నగా చెలమ దగ్గరకే నడిచారు. అంత తిన్నగా మా మెరక మీద పుట్టినవాళ్లు కూడా నడవలేరు. మా ఆడవాళ్లు రోజూ పొద్దునే ఇసుక తవ్వి, ఊరిన నీళ్లు కొబ్బరి చిప్పతో తోడుకుని, ఎక్కడ తవ్వారో కాకికి కూడా తెలియకుండా ఇసుక కప్పేసి వస్తారు. అలాంటి చోట వాళ్లు గొట్టం దించేశారు. మధ్యాహ్నానికి పంపు మోత మొదలైంది.

ఇదేం పని అని అడిగితే వాళ్ల మేస్త్రీ ఒక కాగితం చూపించాడు. మెరకల చట్టం ప్రకారం జనం ఒప్పుకోకుండా ఏ మెరక మీదా గొట్టం దించకూడదు కదా, అన్నాను.

"ఒప్పుకున్నారుగా. మీరే చెప్పారు. నలభై మందికి నలభై మందీ."

"ఎవడితో చెప్పాం?"

"మీ ఫోన్లతో," అన్నాడు.

రెండు

పంపు నీళ్లు తోడితే ఏమవుతుందో తేలునగరంలో ఎవరికీ పట్టదు. మా ఇసుక కింద ఉన్నది సముద్రమే. దాని మీద వాన నీరు మీగడలాగా పల్చగా పేరుకుని ఉంటుంది. చిప్పతో తోడితే మీగడ వస్తుంది. గొట్టంతో పీల్చితే మీగడ పోయి కింది ఉప్పు పైకి లేస్తుంది. ఐదో మెరకలో అదే జరిగింది. అక్కడిప్పుడు ఇళ్లున్నాయి, మనుషుల్లేరు.

ఇక ఫోన్ల సంగతి. పోయినేడు పీఠం వాళ్లు 'మీమాట' అనే యాప్ తెచ్చారు. రోజుకు మూడుసార్లు, ఎప్పుడు మోగుతుందో తెలియకుండా, అది గంట కొడుతుంది. ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసెలా ఉంది, మీ మాటల్లో చెప్పండి, ఒక ఫోటో తీయండి, అంటుంది. దీన్ని గుణాత్మక పరిశోధన అంటారట. లెక్కలు కాదట, బతుకులు వింటారట. వినడానికి వచ్చినవాళ్లలో ఒక్కరైనా పడవ దిగి ఇసుక తొక్కితే ఒట్టు.

గంట మోగే వేళకు మేమెక్కడుంటాం? పాత బస్టాండు కప్పుకు పడవ కట్టేసి, గుండెల లోతు నీళ్లలో బోనులు ఎత్తుతూ ఉంటాం. ఆ ఉప్పులోకి ఫోను ఎవడు తెస్తాడు? ఫోన్లన్నీ ఒడ్డున సౌర పలకల కింద చెక్క మీద వరసగా ఛార్జింగులో ఉంటాయి. మా మెరకలో పనులన్నీ వంతులే. నీళ్ల వంతు, మేకల వంతు, పొయ్యి వంతు. అలాగే పలకల దగ్గర ఉండే వంతు సామ్రాజ్యం అత్తది. గంట మోగితే నలభై ఫోన్లూ ఎత్తి నలభై మంది తరఫునా ఆవిడే జవాబు చెప్పేది. ఈ సంగతి అందరికీ తెలుసు. దాన్ని ఎవరూ తప్పనుకోలేదు. ఒకళ్ల మేకలు ఇంకొకళ్లు కాసినట్టే ఇదీననుకున్నాం.

పంపుకు కాపలా కావాలని మేస్త్రీ అడిగాడు. మా నాన్న అంకారావు ఒప్పుకున్నాడు. వాళ్లిచ్చిన నారింజ రంగు చొక్కా తొడుక్కుని పంపు పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. నేను గునపం పట్టుకుని వెళ్లేసరికి ఎదురుగా ఉన్నది ఆయనే.

"పక్కకి జరుగు నాన్నా."

"జరగను. ముందు నన్ను పొడువు, తర్వాత దాన్ని పొడువు. వరస తప్పకు."

కస్తూరి వదిన వచ్చి నా చేతిలో గునపం లాక్కుంది.

మూడు

వదిన మా అన్న భార్య. అన్న సరుకు పడవ మీద పోతే ఆర్నెల్లకు గాని రాడు. వదినకు రాతకోతలు వచ్చు కాబట్టి పీఠం ఆమెను ఈ మెరకకు సహాయకురాలిగా పెట్టుకుంది. అంటే ఇంట్లోనే శత్రువుకు కొలువు. ఆ మాటే అన్నాను.

"కరపత్రం భాష ఆపి కంచం తియ్యి," అంది వదిన. "పంపు పగలగొడితే రేపు రెండు తెత్తారు. అది నిలబడింది కాగితం మీద. కాగితం సంగతి చూడాలి గాని ఇనుముతో నీకేం పని?"

"అయితే నీ దొరసానిని కలుపు, మాట్లాడతా."

కలిపింది. డాక్టర్ విభావరి. తేలునగరంలో ఎనిమిదో అంతస్తులో ఉంటుంది. తెర మీద వెనకాల ఒక కుండీలో నిజం మొక్క కనిపించింది. ఆ మొక్కకు పోసేవి ఏ నీళ్లో నాకు తెలుసు.

"చెప్పండి నాంచారయ్య గారూ. మీరు చాలా బాధలో ఉన్నట్టున్నారు."

"బాధ కాదు, కోపం. మా నీళ్లు అమ్ముకున్నారు మీరు."

"మేమేమీ అమ్మలేదండీ. మా మధ్యంతర నివేదిక అందరికీ అందుబాటులో ఉంటుంది. దాన్ని ఎవరెలా వాడుకుంటారన్నది మా చేతుల్లో ఉండదు."

"చెలమ ఎక్కడుందో ఫోటో తీయించింది మీ చేతులే కదా?"

"మీ మనసుకు హాయిగా అనిపించే చోటు చూపించండి, అని అడిగాం. అంతే. నలభై మందీ ఒకే చోటు చూపించారు. ఇన్నేళ్ల పనిలో అంతటి ఏకాభిప్రాయం నేనెక్కడా చూడలేదు." ఆమె గొంతు నిజంగానే గద్గదమైంది. "నాంచారయ్య గారూ, మీ కోపం కూడా చాలా విలువైన అనుభవం. దీన్ని రికార్డు చేసుకోవచ్చా?"

నేనేమన్నానో ఇక్కడ రాయను, పిల్లలు కూడా చదువుతారు. అన్నదంతా అనేశాక ఫోను కిణుక్కుమంది. తెర మీద ఒక పువ్వు వచ్చింది. *మీ అనుభవాన్ని పంచుకున్నందుకు కృతజ్ఞతలు.*

తిట్టినా కోసుకుని బుట్టలో వేసుకునేవాళ్లతో ఎలా పోట్లాడాలో ఏ కరపత్రంలోనూ లేదు.

నాలుగు

బుధవారం. నీళ్ల రుచి మారింది. అన్నం వండితే తెలియదు, పప్పు ఉడక్కపోతే తెలుస్తుంది. ఈ రోజు ఎవరింట్లోనూ పప్పు ఉడకలేదు.

పొద్దున రేవు దగ్గర అందరూ గుమిగూడినప్పుడు వదిన పీఠం నివేదిక పైకి చదివింది. మనుషుల పేర్లు తీసేసి అంకెలు వేశారు. గొంతులు కూడా చెరిపేసి మాటలు మాత్రమే ఉంచారట, గోప్యత కోసం. గొంతులు ఉంచి ఉంటే చిన్నపిల్లాడికైనా అసలు సంగతి మొదటి రోజే తెలిసిపోయేది.

"పాల్గొన్న వ్యక్తి పదకొండు, స్త్రీ. 'మా అత్తగారు నన్ను కూతురి కంటే ఎక్కువగా చూసుకుంటారు.'"

"పదకొండు ఎవరంట?" అంది ఒకావిడ.

"నువ్వే."

"నేనా? ఆ మాట నేనన్నానంటే మా అత్త నవ్వి నవ్వి చచ్చిపోద్ది."

"చావన్లే," అంది వెనక నుంచి వాళ్లత్త. "ఇంకోసారి చదవ్వే కస్తూరీ, బాగుంది."

"పాల్గొన్న వ్యక్తి పదిహేడు, పురుషుడు. 'పీతల బుట్ట నిండినప్పుడల్లా నాకు మా ఆవిడ నవ్వు గుర్తుకొస్తుంది.'"

పదిహేడు మా నాన్న. ఆయన ఆ గుంపులో లేడు, పంపు దగ్గరున్నాడు. జనం నవ్వారు. నేను నవ్వలేదు. అమ్మ పోయి మూడేళ్లు. నాన్న ఆమె పేరెత్తడం నేనెప్పుడూ వినలేదు.

వదిన ఇంకా చదివింది. "'మాకు నీళ్లకు కొదవ లేదు. వచ్చినవాళ్లకు కూడా పోస్తాం.' ఈ మాట నలభై మందీ అన్నారు." నవ్వులు ఆగిపోయాయి.

ఫోటోలు చూపించింది. నలభై ఫోటోలు. అన్నింట్లో అదే చెలమ, అదే ఎండ, అదే నీడ. ఇసుక మీద పడ్డ ఆ నీడకు చంకలో పీతల బుట్ట, కొంచెం వంగిన నడుము. బుట్టలో నలభై ఫోన్లు వేసుకుని వెళ్లి, ఒక్కొక్కటీ తీసి, ఒక్కొక్కరి పేరునా ఒక్కో ఫోటో తీసింది సామ్రాజ్యం అత్త. ఎవరికీ అన్యాయం జరగకూడదని.

వదిన అంతకంటే పెద్ద విషయం చెప్పింది. యాప్‌లో చేరేటప్పుడు ఒప్పంద పత్రం ఉంటుంది. ఎవరూ చదవరు, ఆమె చదివింది. మెరకలో చేరినవాళ్లందరూ అధ్యయనం ముగిసేలోగా వైదొలిగితే ఆ మెరక మాటలూ ఫోటోలూ మొత్తం చెరిపేయాలి. ఒక్కరు మిగిలినా చాలు, అన్నీ ఉంచుకోవచ్చు. అధ్యయనం ముగిసేది శుక్రవారం సాయంత్రం ఆరింటికి.

"మన మాటలు చెరిగిపోతే పంపు కాగితానికి కాళ్లుండవు. చట్టం ప్రకారం ఎత్తేయాల్సిందే," అంది వదిన.

"నీ కొలువు?" అన్నాను.

"పోద్ది. అడిగినందుకు సంతోషం. ఇప్పటిదాకా తిట్టడమే గాని అడగలేదు నువ్వు."

వెంటనే అందరం ఫోన్లు తీశాం. నేను ముందు నొక్కాను. *వైదొలుగుతున్నాను అని మీ సొంత గొంతుతో చెప్పండి*, అంది యాప్. చెప్పాను. గట్టిగా చెప్పాను. *క్షమించండి. ఈ గొంతు ఈ ఫోను యజమానిది కాదు.*

మళ్లీ చెప్పాను. అదే మాట. పక్కవాడిదీ అంతే. వరసగా అందరివీ అంతే. రేవు పొడుగునా జనం తమ ఫోన్లతో తాము తామేనని వాదించుకుంటూ నిలబడ్డారు.

కస్తూరి వదిన తల పట్టుకుని ఇసుకలో కూర్చుంది. యాప్ ఎక్కించిన రోజు మేమంతా బోనుల మీద ఉన్నాం. ఫోన్లు పలకల కింద ఉన్నాయి. పీఠం ఆ పూటే పని ముగించమని తొందరపెట్టింది. యజమాని గొంతు నమోదు చేయమని యాప్ అడిగితే, అక్కడ ఉన్న సామ్రాజ్యం అత్త గొంతుతోనే నలభై ఫోన్లకూ నమోదు చేయించింది వదిన. వంతు ఎవరిదైతే మాట వాళ్లదే కదా అనుకుంది. ఆ తప్పు ఇంకే ఊళ్లోనూ ఎవరూ చేసి ఉండరు. మా మెరకలో ఎవరున్నా అదే చేసి ఉండేవారు.

ఐదు

సామ్రాజ్యం అత్త పలకల నీడలో చాప మీద రొయ్యపొట్టు ఎండబోస్తోంది. ఎవరితోనూ కలవదు, ఒంటరి మనిషి. రోజంతా ఫోన్లతో మాట్లాడుతుందని వెనక అందరూ ఆవిణ్ణి వాగుడుకాయ అంటారు. నేనూ అంటాను.

"అత్తా, లే. నలభై ఫోన్లకీ వైదొలుగుతున్నానని చెప్పాలి. ఒక పూట పని."

"ఎవరడిగారు?"

"నేనడుగుతున్నా. మెరకంతా అడుగుతోంది."

"మెరకంతా నీ నోట్లో ఉందా?" పొట్టు తిరగేస్తూనే అంది. "నువ్వూ ఆ పీఠమోళ్ల మల్లేనే ఉన్నావురా. ఒక్కళ్ల దగ్గర ఇని అందరి మాటా అంటావు."

ఒళ్లు మండింది. "నీ వాగుడు వల్లే కదా నీళ్లు పోయింది. కొదవ లేదని ఎవడు చెప్పమన్నాడు నిన్ను?"

అప్పుడు ఆవిడ చేతులు దులుపుకుని నా వైపు తిరిగింది.

"ఎవడూ చెప్పమన్లేదు. అదేరా నేననేది. రోజుకి మూడు సార్లు నలభై ఫోన్లు ఎత్తింది ఎవరు? ఇన్నాళ్లలో ఒక్కళ్లొచ్చి, సామ్రాజ్యం, నా పేరు మీద ఏం చెప్పావే అని అడిగారా? మీ అయ్య అడిగాడా? నువ్వడిగావా? పొద్దున ఫోను పడేసి పోతారు, సందేళ ఎత్తుకు పోతారు. మీ మనసులో ఏముందో నాకెట్టా తెలుత్తది? పరాయోడు అడిగితే మీ ఇంటి గుట్టు బయటేయనా? మొగుడు కొట్టాడని చెప్పనా, అత్త తిండి పెట్టలేదని చెప్పనా? ఇంకొకళ్ల తరపున మాట్లాడేటప్పుడు మంచే చెప్పాలి. అందరూ బాగున్నారనే చెప్పా. నీళ్లున్నాయా అంటే ఉన్నాయి, మీకూ పోత్తాం రండి అన్నా. గడపలో నిలబడి అడిగినోడికి లేవని చెప్తామా?"

"వాళ్లు గడపలో నిలబడలేదు అత్తా. వాళ్లు—"

"నాకిప్పుడు తెలిసింది లేరా. నీళ్లు నేనూ తాగుతున్నా."

తరువాత తన ఫోను తీసి నాకు చూపించింది. పాల్గొన్న వ్యక్తి నలభై. ఆ పేజీలో అందరికీ చెప్పిన నీళ్ల మాట, చెలమ ఫోటో తప్ప ఇంకేమీ లేదు. నలభై మంది తరఫున మాట్లాడిన మనిషి తన గురించి ఏమీ చెప్పుకోలేదు.

"మీయన్నీ చెప్పేసరికి నా దానికి టైము అయిపోయేది," అంది, అదేదో కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు.

నేను క్షమాపణ చెప్పలేదు. నాకు అది చేతకాదు, నేర్చుకోవాలి. మరి ఏం చేయమంటావు అని మాత్రం అడిగాను. బహుశా నా జీవితంలో ఆవిణ్ణి నేనడిగిన మొదటి ప్రశ్న అదే.

"ఎవరి ఫోను వాళ్లు చేత్తో పట్టుకుని నా దగ్గరకి రావాలి. ఏం చెప్పాలో ఎవరి మాట వాళ్లు నాకు చెప్పాలి. అప్పుడు చెప్తా. రానోడిది చెప్పను. నువ్వు కొట్టినా చెప్పను. నా అంతట నేను ఇంకెవరి నోటితోనూ మాట్లాడను. అయిపోయింది."

ఆరు

గురువారం. ఒక్కొక్క ఇంటికీ తిరిగాను. సగం మంది వస్తామన్నారు. కొందరికి సిగ్గు. ఇన్నాళ్లూ ఎగతాళి చేసిన మనిషి ముందు నిలబడి, నా మాట చెప్పు, అని అడగాలంటే నోరు రావడం లేదు. ఒకాయన, తేలునగరం వాళ్లు మంచు దిమ్మలు ఇస్తారట కదా, అన్నాడు. చేపలు దాచుకోవడానికి మంచు ఇస్తారు, తాగడానికి ఉప్పు ఇస్తారు, అన్నాను. ఆయన తలుపేసుకున్నాడు. నా నోరు నాకే శత్రువని వదిన అంటుంది. కావచ్చు. తలుపు అవతల ఉన్నవాడికి కూడా దాహం వేస్తుంది, అప్పుడు తీస్తాడు.

చివరికి పంపు దగ్గరకు వెళ్లాను. నాన్న ఆ చొక్కాలోనే ఉన్నాడు. పంపుకు పక్కన చిన్న కుళాయి ఉంది, పరీక్ష కోసం. ఆయన అందులో నుంచి గ్లాసు పట్టుకుని తాగుతున్నాడు.

"నీళ్లెట్టా ఉన్నాయి నాన్నా?"

"నీళ్ల మాదిరే ఉన్నాయి."

గ్లాసు తీసుకుని తాగాను. నాలుక చివర ఉప్పు. నిన్న ఇళ్లల్లో ఉన్నదానికంటే ఎక్కువ.

"నీకు తెలుసు," అన్నాను.

"మొదటి రోజు నుంచీ. ముందు తాగేది నేనేగా."

"తెలిసీ కూర్చున్నావా? ఈ చొక్కా కోసం ఊరు మొత్తాన్ని—"

"అవును, చొక్కా కోసమే." మోకాళ్లు చూపించాడు. ఉప్పునీళ్లలో నానినానీ కీళ్లు ఉబ్బి, చర్మం పగిలి ఉన్నాయి. "ఈ కాళ్లతో నీళ్లలో దిగలేను. మీరంతా బోనుల మీదకి పోతుంటే గట్టు మీద కూచుని ఎంత కాలం చూడాలి? మీ వంతుల్లో నాకు వంతేది? నీ కరపత్రాల్లో నా మాదిరోడి గురించి రాసిందా? వీళ్లొచ్చి, అంకారావు గారూ ఇక్కడ కూర్చోండి, అన్నారు. గారూ అన్నారు. కూర్చున్నా."

నా దగ్గర ఉన్న జవాబులన్నీ కరపత్రాల్లోవి, అవి ఆయనకు చెప్పేవి కావు. కస్తూరి వదిన చదివిన నివేదికలో ఆయన పేరున ఉన్న మాట చెప్పాను. బుట్ట నిండితే అమ్మ నవ్వు గుర్తుకొస్తుందన్న మాట.

ఆయన నా చేతిలో గ్లాసు తీసుకుని పీట కింద పెట్టాడు.

"నేను చెప్పలేదు ఆ మాట."

"తెలుసు. అబద్ధమే కదా."

"అబద్ధమని నేనన్నానా?"

శుక్రవారం నాలుగింటికి పలకల కింద, అని చెప్పి వచ్చేశాను. వస్తానని గాని రానని గాని ఆయన అనలేదు. మేస్త్రీకి ఆయన కనబడకపోతే చొక్కా పోతుంది. వెళితే ఊరు మిగులుతుంది. ఈ బేరం పెట్టినవాడు తేలునగరంలో హాయిగా స్నానం చేస్తున్నాడు, గుర్తు పెట్టుకోండి.

ఏడు

శుక్రవారం, పొద్దున. ఇది రేవు గోడ మీద చివరి కాగితం.

మూడో మెరక జనానికి.

మన మాట మనం చెప్పలేదు. చెప్పుకునే తీరిక లేక ఒకావిడ మీద పడేశాం. ఆవిడ మన పరువు కాపాడింది. ఆ మర్యాదనే సంతకంగా చేసుకుని పీఠం మన ఇసుకలో గొట్టం దించింది. వాళ్లు విన్నామంటున్నారు. నలభై మందిలో ఒక్క గొంతు తప్ప ఏమీ వినబడని చెవులు వాళ్లవి. వాళ్ల మీద నాకు జాలి లేదు, మీకూ ఉండకూడదు.

కానీ ఈ రోజు పోట్లాట వాళ్లతో కాదు. ముప్పై తొమ్మిది మంది వస్తే సరిపోదు. ఒక్క ఫోను మిగిలితే నలభై మాటలూ వాళ్లవే, నీళ్లూ వాళ్లవే. తలుపేసుకున్న పెద్దమనిషీ, నీకూ చెబుతున్నాను, నిన్న నేనన్న మాటకు నన్ను తర్వాత తిట్టు, ముందు రా. సిగ్గుపడేవాళ్లు సిగ్గుతోనే రండి, సిగ్గు చూసి సామ్రాజ్యం అత్త ఎవరినీ వెనక్కి పంపదు. పంపు దగ్గర కూర్చున్న జల్లా అంకారావు గారూ, గారూ అనడం నాకూ వచ్చు, మీరూ రండి. మీ వంతు సంగతి ఆ తర్వాత మెరకంతా కూర్చుని తేలుద్దాం, అది మేం ఎప్పుడో చేయాల్సిన పని.

ఫోను ఎవరిది వాళ్లే తేవాలి. పిల్లలకిచ్చి పంపితే చెల్లదు. ఆవిడ ముందు కూర్చుని, ఏం చెప్పమంటారో మీ నోటితో అడగాలి. చివరగా నలభయ్యో ఫోను ఆవిడది. దానికి ఏం చెప్పాలో ఆవిణ్ణి మనం అడగాలి. ఆవిడ ఎంతసేపు చెబితే అంతసేపు వినాలి.

బోనులు ఈ రోజుకు నీళ్లలోనే ఉండనివ్వండి. ఆరింటికి గడువు. నలభై మందికి టైము పడుతుంది. నాలుగింటికి, పలకల కింద.